మా సైకిళ్లకు చైను పడే చోటు

మా బావకు గుండెలో స్టెంటు వేసిన తర్వాత మా అక్క ఆయన్ను పెళ్లిలో వచ్చిన గాజు గ్లాసుల్లా చూసుకోవడం మొదలుపెట్టింది. అంటే, అలమారాలో పెట్టి ఎవరినీ ముట్టనివ్వకుండా. ప్రొద్దుటూరులో ఆయనది బట్టల కొట్టు. ఒకప్పుడు చీరల మూటను ఒక్కడే భుజాన వేసుకుని లోపలికి తెచ్చే మనిషి, ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఆ మూటలు తనను దాటిపోతుంటే చూస్తున్నాడు. కొట్టుకు వచ్చినవాళ్లు అంచు గురించో రంగు గురించో అడిగే ముందు, "ఇప్పుడెట్లుందప్పా?" అని అడుగుతారు. ఆయనకు ఒళ్లు మండేది ఆ ప్రశ్నకే.

సైకిల్ యాత్ర ఆలోచన ఆయనదే. ఆసుపత్రి వరండాలో ఒక రైతు పరిచయమయ్యాడు. డయాలసిస్ చేయించుకుని బస్సులో ఊరికి పోయేవాడు. బావను మేము కారులో ఇంటికి తెచ్చిన రోజు ఆ రైతు బస్టాండు బెంచీ మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. కారు అద్దంలోంచి బావ ఆయన్ను చూశాడు. అలాంటి వాళ్లను ఇంటి దగ్గర దింపడానికి ఒక వ్యాను కావాలి, దానికి చందాలు రావాలి, చందాలు రావాలంటే నలుగురూ చూసే పని ఏదో చేయాలి. మొదటి రోజు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు. రాత్రికి అక్కడ ఆగి, మర్నాడు ఘాట్ ఎక్కి పులివెందుల. అందరూ బాగుందన్నారు. బావ పచ్చజెండా ఊపితే ఇంకా బాగుంటుందని కూడా అందరూ అన్నారు.

"జెండా ఊపేదానికి నేనెందుకప్పా, రైల్వే గార్డును పిలిపిచ్చుకోండి," అన్నాడు బావ.

డాక్టరు నిదానంగా తొక్కితే మంచిదేనన్నాడు. మా అక్క ఒప్పుకోలేదు. "డాక్టరుకేం, చెప్తాడు. ఆయప్ప ఏమన్నా ఈయన పెండ్లామా?" అంది. వారం పాటు ఇంట్లో మాటలు తగ్గి గిన్నెల చప్పుడు పెరిగింది. చివరికి ఒక షరతు మీద తేలింది. ప్రాక్టీసుకు రోజూ ఆమె స్కూటీ మీద వెనకాలే వస్తుంది. బావ తొక్కలేక ఒక్కసారి సైకిల్ దిగినా, అంతటితో సరి. ఇక జెండానే.

ఆయనకు తోడు ముగ్గురం కుదిరాం. బ్యాంకులో కూర్చునే నేను, మెడికల్ షాపులో కూర్చునే ఒక మిత్రుడు, కాలేజీలో నిలబడే ఇంకో మిత్రుడు. ముగ్గురం కలిస్తే ఒక ఆరోగ్యవంతుడితో సమానం.

తెల్లవారగానే జమ్మలమడుగు రోడ్డు ఎక్కేవాళ్లం. ముందు నాలుగు సైకిళ్లు, వెనక అక్క. స్కూటీ మీద నీళ్లు, మాత్రలు, గొడుగు, ముందు జాగ్రత్తగా ఒక మడత కుర్చీ. మా జిల్లాలో నలుగురు మగవాళ్లు వరసగా పోతుంటే, వెనక ఒక బండి వస్తుంటే, జనం కారణం తెలుసుకోకుండా వదలరు. పైగా సైకిల్ అంటే ఇక్కడ వాహనం ఒక్కటే కాదు, ఓటు కూడా. గేదెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపాడు.

"ఎలెక్షన్లు ఇంగా రాలేదు గదప్పా, అప్పుడే తిరుగుతాండారే?"

"ఎలెక్షన్లకు కాదు తాతా, ధర్మానికి."

"ధర్మానికా? ఆ పక్క ఎవురు నిలబడినారు?"

మూడో రోజో నాలుగో రోజో, దారిలో రోడ్డు పైకెక్కే ఒక మెట్ట దగ్గర బావకు ఊపిరి అందలేదు. హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. ఇంకో నాలుగు తొక్కులైతే కాలు నేల మీద పెట్టేవాడే. అప్పుడు ముందు పోతున్న మా కాలేజీ లెక్చరర్ టక్కున దిగి, "చైన్ పడింది," అన్నాడు. అందరం ఆగాం. ఒకరి చైను పడితే తక్కినవాళ్లు ఆగడం మర్యాద; అది దిగడం కిందికి రాదు. చైను సరిచేసేలోపు బావ ముఖంలోకి రంగు వచ్చింది. తిరిగి వస్తూ టీ తాగుతుంటే చూశాను, లెక్చరర్ చేతులకు గ్రీజు మరక ఒక్కటీ లేదు.

మేం దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు. మర్నాడు అక్కడే నా చైను పడింది. ఆ తర్వాత మెడికల్ షాపు చైను. అక్క రోజూ స్కూటీ ఆపి చూసేది.

"ఎట్లాంటి సైకిళ్లు కొన్యార్రా? దినామూ పడుతుందే?"

"కొత్త సైకిళ్లు గదక్కా, కుదురుకోవల్ల."

"కుదురుకోనీలే. ఈ మెట్ట మీదనే ఎందుకు పడుతుంది?"

"ఈడ రోడ్డు శానా గుంతలక్కా."

ఆ మెట్ట పొడుగునా రోడ్డు అప్పుడే కొత్తగా వేశారు. అక్క తారు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి స్కూటీ స్టార్ట్ చేసింది.

బావకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఒక రోజు జమ్మలమడుగులో ఉగ్గాని తింటున్నాం. బావ ప్లేటులోని బజ్జీలను అక్క తన ప్లేటులోకి మార్చుకుని, చట్నీ కోసం అటు తిరిగింది. ఆయన నా వైపు వంగాడు.

"రేపు ఒగసారి చైన్లు పడకుండా చూడప్పా. నేనే పోతా."

మర్నాడు ఎవరి చైనూ పడలేదు. ఆయన ఆ మెట్టను, పక్కన నడిచిపోతున్న మనిషికంటే కొంచెం నిదానంగా, దిగకుండా ఎక్కాడు. పైకి చేరాక ఎవరమూ చప్పట్లు కొట్టలేదు. కొడితే అక్కకు తెలిసిపోతుందని.

యాత్రలోనూ అక్క స్కూటీ, ఆమె షరతూ వెనకాలే వచ్చాయి. మొదటి రోజు సాఫీగా గడిచింది. రెండో రోజు ఘాట్. మిత్రులిద్దరూ యాత్రకు వచ్చిన తక్కిన సైకిళ్ల గుంపులో పడి ముందుకు వెళ్లిపోయారు. నేను బావ వెనకే ఉండాలనుకున్నాను, ఉన్నాను కూడా. కాకపోతే రెండో మలుపుకే దిగి సైకిల్ తోస్తున్నాను. పైన బావ తొక్కుతున్నాడు. ముందు చక్రం తెల్ల గీతకు అటూ ఇటూ పోతోంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎడమ కాలు పెడల్ వదిలి కిందికి దిగబోయింది. చైను పడేసుకుందామంటే, దిగి నడిచేవాడి చైను పడితే ఎవరికి కావాలి?

స్కూటీ హారన్ మోగింది.

"ఏమయ్యా, రోంత ఆగు! బండి ఆగిపాయ."

బావ ఆగాడు. అక్క స్టార్టరు నొక్కుతోంది. తాళంచెవి ఆమె ఎడమ చేతిలోనే ఉంది.

"పెట్రోలు అయిపోయినట్టుండాది," అంది.

ఆ పొద్దున జమ్మలమడుగులో ట్యాంకు నిండా పట్టించింది నేనే, ఆమె పక్కనే నిలబడి ఉంది. "అక్కా, పొద్దున్నే గదా మనం..." అన్నాను.

"నువ్వు నోరు మూసుకోని నీ సైకిల్ తోసుకో."

మడత కుర్చీ తీసింది. రోడ్డు పక్కన వేసింది. వేసి, తనే కూర్చుంది. కూర్చుని కొండల వైపు చూస్తూ ఉండిపోయింది. బావ సైకిల్‌కు ఆనుకుని నీళ్లు తాగాడు. ఆయన ఊపిరి చప్పుడు మెల్లగా తగ్గింది. ఆమె ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.

"చూడుమే, ఇప్పుడన్నా స్టార్టవుతాదేమో," అన్నాడు బావ చివరికి.

"అవుతాది లే. దానికి మాత్రం దమ్ము తీసుకోవద్దా?"

ఆయన సైకిల్ ఎక్కాడు. స్కూటీ ఒక్క నొక్కుకే స్టార్టయింది.

పులివెందులలో మాకు దండలు వేశారు. తెలిసిన వ్యాపారి ఒకాయన గుంపులోంచి తోసుకుని వచ్చి బావ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడెట్లుందప్పా?"

"నాకేం, బాగుండా," అన్నాడు బావ. "ఈమె బండికే బాగలేదు. ఘాట్‌లో ఆగిపాయ, పాపం. మేమే నిలబడి తోడుకొచ్చినాం."

మా అక్క కాదనలేదు.