లక్సెట్టిపేటలో పుట్టిన పరదేశి

1958లో నన్ను జిల్లా పోలీసు కార్యాలయంలో విదేశీయుల నమోదు విభాగానికి సీనియర్ గుమాస్తాగా వేశారు. విదేశీయులంటే దొరలు కారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద చుట్టపుచూపుగా వచ్చిన తెలంగాణ ముస్లిములే. రాగానే పోలీసులకు హాజరు చెప్పుకోవాలి, వీసాలో రాసిన ఊరు దాటకూడదు, గడువులోగా వెళ్లిపోవాలి.

ఆ ఏడు లక్సెట్టిపేటలో బట్టల దుకాణం నడిపే యూసుఫ్ వచ్చాడు. అతని మేనమామ కూతురు జుబేదా అదే ఊళ్లో పుట్టి, పోలీసు చర్య తర్వాత తండ్రి వెంట కరాచీ పోయింది. ఇద్దరికీ పెళ్లి నిశ్చయమైంది.

"ఏ తొవ్వల పోతే ఆమె ఈడనే ఉంటది సార్? జర చెప్పుండ్రి," అన్నాడు.

అతనే కరాచీ వెళ్లి నిఖా చేసుకోవచ్చు. కానీ భార్యకు వీసా చిక్కు అలాగే ఉంటుంది. శాశ్వత నివాసానికి ముందే అనుమతి అడగవచ్చు. ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. లేదా ఆమె స్వల్పకాల వీసాతో వచ్చి, పెళ్లి చేసుకుని, గడువు ఉండగానే పొడిగింపు కోరవచ్చు. పౌరసత్వం సంగతి తర్వాత. పెళ్లయినంత మాత్రాన ఇక్కడ ఉండే హక్కు రాదని కూడా చెప్పాను. వాళ్లు చివరి దారి ఎంచుకున్నారు.

జుబేదా వచ్చింది, నిఖా జరిగింది. గడువు ఉండగానే నిఖానామా జతచేసి దరఖాస్తు పెట్టారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విచారించి అభ్యంతరం లేదని రాశాడు. నిర్ణయం హైదరాబాదులో సచివాలయానిది. జిల్లా అధికారి పని అభిప్రాయం రాసి పైకి పంపడం వరకే. ఆ పని చేయవలసిన మా పై అధికారి పంపలేదు. దాన్ని బల్ల మీదే పెట్టుకుని, గడువు తీరగానే దేశం విడిచి వెళ్లాలని నోటీసు తయారు చేయమన్నాడు.

దరఖాస్తు తేలకుండా నోటీసు ఇవ్వడం న్యాయం కాదన్నాను.

"పాకిస్తాన్ వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నావేమిటయ్యా?" అన్నాడాయన.

నా అభ్యంతరాన్నే నోటుగా రాసి పెట్టాను. "చూశాను" అని సంతకం చేసి పక్కన పడేశాడు. నేరుగా సచివాలయానికి పొమ్మని యూసుఫ్‌కు చెప్పాను. జిల్లా నుంచి కాగితం వస్తేనే చూస్తామని అక్కడివాళ్లు తిప్పి పంపారు.

నోటీసు తీసుకోవడానికి వచ్చిన రోజు జుబేదా గర్భిణి.

"నేను లక్సెట్టిపేటలనే పుట్టిన సార్. మా దాదీ గోరి గూడ ఆడనే ఉంది. గిప్పుడు నన్ను ఏడికి పొమ్మంటున్నరు?" అని అడిగింది.

జవాబు చెప్పవలసినవాడు తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. ఆమె మంచిర్యాలలో రైలెక్కి బొంబాయి చేరి, ఓడలో కరాచీ పోయింది. కొడుకు అక్కడ పుట్టాడు.

ఆ అధికారి బదిలీ అయ్యాక వచ్చినాయన దరఖాస్తును వెంటనే పైకి పంపాడు. సచివాలయం పెద్ద ప్రశ్నలేమీ వేయకుండానే అనుమతి ఇచ్చింది. జుబేదా తిరిగి వచ్చేసరికి పిల్లవాడు నడుస్తున్నాడు. తల్లితోపాటు వాడినీ నా దగ్గరే నమోదు చేయాలి.

"వీని బాపును నేనున్న గద సార్, ఈ దేశపోన్ని. వీన్ని గూడ పాకిస్తానీ అనే రాస్తరా?" అన్నాడు యూసుఫ్.

"తల్లి పాస్‌పోర్టు మీద వచ్చాడు కదా, ఇప్పటికైతే అంతే," అని రాశాను.

ఆ మొదటి అధికారి వద్దని అభిప్రాయం రాసి ఉన్నా కాగితం సచివాలయానికి చేరేది, యూసుఫ్ అక్కడ తన మాట చెప్పుకునేవాడు. ఆయన వద్దని కూడా రాయలేదు, అందుకే ఏ రికార్డులోనూ ఆయన తప్పు లేదు. పైగా ప్రమోషన్ మీద వెళ్లాడు. కాదనే అధికారం లేనివాడు కాగితాన్ని కదలనివ్వకుండా ఎంత అన్యాయమైనా చేయగలడని, దానికి ఎవరూ సంజాయిషీ అడగరని ఆ కేసులో తెలుసుకున్నాను.