సీమపనస మీద గోనెసంచులు

చాలా ఏళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు, అక్కచెల్లెళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక చెట్టు గురించి ఆడిన అబద్ధాన్ని ఇంత కాలం మోయాలా అని మీరు నవ్వుకోవచ్చు. మోశాను. ఎందుకో చెబుతాను.

మాది మొయినాబాద్‌లో కిరాణా కొట్టు. హైటెక్ సిటీ వెలిసి, సాఫ్ట్‌వేర్ వాళ్లు మా వైపు జాగాలు కొంటున్న రోజుల్లో మేమూ మా మండలంలోనే ఉన్న హిమాయత్‌నగర్ ఊరి దగ్గర వాగు పక్కన చిన్న జాగా కొన్నాం. కొట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయిన నాకు ఆ తోటే లోకమైంది. చుట్టుపక్కల తోటలున్నవాళ్లు ఈమెయిళ్లలో ఒక గుంపు కట్టారు. పుస్తకాల్లో హైదరాబాదంతటికీ ఒకటే వాతావరణం అని రాసేస్తారు గానీ, మా దగ్గర గుట్ట మీద చలి వేరు, వాగు పక్కన చలి వేరు. ఎవరి తోటలో ఏ మొక్క చలికి తట్టుకుందో, ఏది మాడిపోయిందో అందరం రాస్తే, అవన్నీ కలిపి ఒక పటం గీయాలనుకున్నాం. షరతు ఒక్కటే. మొక్క ఆరుబయట ఉండాలి, దాని మీద ఏమీ కప్పకూడదు.

నేను కప్పాను.

అబద్ధమాడాలని కప్పలేదు, ఇదొక్కటి నమ్మండి. కోస్తాలో చుట్టాలింటి నుంచి తెచ్చుకున్న సీమపనస మొక్క అది. వెచ్చని చోట పెరిగేది. చలి మొదలవగానే ఆకులు నల్లబడ్డాయి. నాకు ప్రాణం ఒప్పలేదు. కొట్లోని ఖాళీ గోనెసంచులు తెచ్చి రోజూ సాయంత్రం కప్పేదాన్ని, పొద్దున్నే తీసేసేదాన్ని. మొక్క బతికింది.

గుంపులో నేను రాసేవాటికి ఎవరూ జవాబిచ్చేవారు కాదు. వాళ్లదంతా ఇంగ్లీషు, నాది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. సీమపనస బతికిందని రాసిన రోజు మాత్రం జవాబులే జవాబులు. "ఓపెన్‌లోనే కదా ఆంటీ?" అని పటం గీసే అతను అడిగాడు. అవునని కొట్టాను. ఎందుకు కొట్టాను? పొగడ్త అంత తియ్యగా ఉంటుందా? ఉండింది మరి. ఒక ఆదివారం అందరూ వచ్చి మొక్కను చూసి, ఫొటోలు తీసుకుని, నేనిచ్చిన చాయ్ తాగి వెళ్లారు. పటంలో వాగు వెంబడి భూమికంతా, సీమపనస బతుకుతుందన్న గుర్తుగా, పచ్చరంగు వేశారు.

ఆ పటాన్ని చేవెళ్ల రోడ్డు మీద ఒక నర్సరీలో గోడకు అంటించారు. అక్కడ చూసింది యాదమ్మ. ముడిమ్యాలలో పూలతోట చేసేది. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఎవరు కొత్తగా తోట పెట్టినా, ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి, పిలుచుకొచ్చి, మొదటి మొక్క ఆమె చేత పెట్టించేవారు. అత్తగారింట్లో ఆమె మాటకు విలువ వచ్చింది ఆ చేతి వల్లే. మా సీమపనసను నాటిందీ ఆమే.

పటాన్ని నమ్మి, తన చేను పక్క వాగు వెంట సీమపనస మొక్కలు వరసగా పెట్టింది. చలికాలం వచ్చింది. అన్నీ మాడిపోయాయి.

ఒకరోజు పొద్దున నా తోటకు వచ్చింది.

"అక్కా, నీ చెట్టు నేను పెడితేనే పట్టింది గదా. మా చేన్ల గూడ నేనే పెట్టిన. ఒక్కటి మిగల్లే. జర చెప్పు, నువ్వు ఇంకేమన్న చేసినవా?"

అప్పుడే తీసి మడతపెట్టిన సంచులు నా వెనక రేకుల గదిలో ఉన్నాయి.

"ఏం చెయ్యలే యాదమ్మా. గట్లనే ఇడిచిపెట్టిన."

"మరి నాయి ఎట్ల పోయినయ్?"

"ఏమో. ఒక్కోసారి చెయ్యి కలిసిరాదేమో."

ఆమె తన అరచేతులు చూసుకుంది. "మా అత్త గూడ గదే అంటున్నది," అని, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

పటంలో ఆడిన అబద్ధానికి నన్ను నేను ఎన్నోసార్లు క్షమించుకున్నాను. మొక్క మీది ప్రేమ అనుకున్నాను, తెలియనితనం అనుకున్నాను. మరి ఈ రెండో మాటకు ఏం పేరు పెట్టాలి? సంచులు చూపిస్తే ఏమయ్యేది? నలుగురిలో కాస్త చిన్నబోయేదాన్ని, అంతే. ఆ కాస్తకు ఒప్పుకోలేక, ఒక మనిషి తన చేతిని తానే అనుమానించుకునేలా చేశాను. తర్వాత ఆమెను పిలవడం మానేశారు. "యాదమ్మ వద్దు తియ్, ఆమె చెయ్యి చెడ్డది" అని మా కొట్టు ముందే అనుకున్నారు. విన్నాను. పప్పు తూచి ఇచ్చాను.

జాగాలన్నీ చేతులు మారి గుంపు చెదిరిపోయింది. యాదమ్మ పూలతోట మానేసి చందనవెల్లిలో ఏదో కంపెనీకి పనికి పోతోందని విన్నాను. నా చెట్టు పెద్దదైంది. దానికిప్పుడు సంచులు అక్కర్లేదు.

మొన్న మా వీధిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు కుంకుమ భరిణెతో వచ్చారు. "సీమపనస గూడ పెంచిన్రంట గదా ఆంటీ. మీ చెయ్యి మంచిదంట. మా ఇంట్ల మొదటి మొక్క మీరే పెట్టాలె." కాదనాల్సింది. ముడిమ్యాలకు పొండి, యాదమ్మను పిలుచుకురండి అనాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. బొట్టు పెట్టించుకుని వెళ్లి, మొక్క పెట్టి, మట్టి ఒత్తి వచ్చాను.

ఇంటికి రాగానే ఇది రాయడానికి కూర్చున్నాను. ఆమె దగ్గరికి వెళ్లి చెబుతానని మీకు మాటివ్వలేను, అదీ అబద్ధమే అవుతుందేమోనని భయం. యాదమ్మ చేతిలో ఏ దోషమూ లేదు. ఆ చెట్టును చలికాలమంతా నేను కప్పాను. ఈ మాట ఇవాళే మొదటిసారి రాశాను.