దరఖాస్తుదారు కూర్చునే కుర్చీ

పులివెందులలో మా అక్క ఇంటి ముందుగదిలో ఉన్నవి ఇవి: ఒక ల్యాప్‌టాప్, ఫోటో కోసం గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన తెల్ల దుప్పటి, పాస్‌పోర్టులు రెండు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, దాని అరబ్బీ అనువాదం, సగం నమిలి వదిలేసిన బిస్కెట్టు, మూత తీసిన కాటుక భరిణె. ఉన్న మనుషులు నేను, అక్క, ఏడాది నిండని మా మేనల్లుడు చరణ్. ఫోన్లో, ఖతర్ నుంచి, బావ.

అక్క కాటుక ఇంట్లోనే చేస్తుంది. ఆముదం దీపం మీద రాగిపళ్ళెం బోర్లించి, పట్టిన మసిని గీకి, నెయ్యితో నూరుతుంది. ఆ భరిణె నుంచి వచ్చే వాసనలో కొంత పొగ, కొంత వంటిల్లు ఉంటాయి. చరణ్‌కు ఖతర్‌లో నివాస అనుమతి కోసం నేను దరఖాస్తు నింపుతున్నాను. పేరు, పుట్టిన ఊరు, తండ్రి ఉద్యోగం నింపేశాను. శరీరం మీద కనిపించే గుర్తు అన్న గడి దగ్గర ఆగాను.

"ఏదో ఒకటి కొట్టెయ్ బామ్మర్దీ. నుదురు మీద మచ్చ అని రాయి. ఎవడు సూస్తాడు?" అన్నాడు బావ.

"ఉండు బావా" అన్నాను. కాటుక వాసన అప్పటికే నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయింది, వలీ మామ దగ్గరికి.

ప్రొద్దుటూరు బజారులో ఒక బట్టల అంగడి పైన రెండు గదులు ఉండేవి. మెట్లు ఎక్కేటప్పుడు కొత్త చీరల గంజి వాసన వచ్చేది. అక్కడ వలీ మామ, గల్ఫ్ దేశాలకు పోయే కుటుంబాలకు కాగితాలు సిద్ధం చేసి పెట్టేవాడు. అంతకుముందు ఆయన కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపాడు. పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉండేవాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, ఉద్యోగం దొరికేలోపు కంప్యూటరు పనికి ఆయన దగ్గర చేరాను. డిప్లొమా వాడిని ఇంజనీరు అనకూడదని చెప్పినా వినలేదు. మొదటి రోజు నుంచీ నేను ఇంజనీరునే.

ఆ గదిలో కుర్చీలు ఐదు. నాలుగు ప్లాస్టిక్‌వి. ఐదోది చేతులున్న టేకు కుర్చీ, కిటికీ పక్కన వెలుతురు పడేచోట ఉండేది. మొదటి రోజు సహజంగానే నేను దానిలో కూర్చున్నాను.

"లెయ్యప్పా. అది దరఖాస్తుదారు కుర్చీ" అన్నాడు మామ.

దరఖాస్తుదారు ఎవరో కాసేపటికి వచ్చాడు. దువ్వూరు నుంచి తండ్రి చంకనెక్కి వచ్చిన పసివాడు. అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. మామ వాణ్ణి ఎత్తి టేకు కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా నిలబడి, పెద్దమనిషిని అడిగినట్టు అడిగాడు.

"ఏం సార్, పేరేంది మీది?"

వాడు ఫ్యాను వైపు చూశాడు. తండ్రి పేరు చెప్పబోయాడు.

"నిన్ను అడగలేదప్పా. కాగితం నీదా, ఆ సారుదా? నువ్వు రవ్వంతసేపు నోరు మూసుకో."

అందరం ఎదురుచూశాం. పిల్లవాడు కిటికీలోంచి కింద రోడ్డు చూసి, "లారీ" అన్నాడు.

"లారీ అంట. రాసుకో ఇంజనీరూ, పనికొస్తాది."

వచ్చినవాళ్ళను మెప్పించడానికి చేసే నాటకం అనుకున్నాను. ఫోటో తీసేటప్పుడు పిల్లవాడు ఒక్క క్షణం కుదురుగా లేడు. తల తిప్పుతాడు, కళ్ళు మూస్తాడు, నోట్లో వేలు పెట్టుకుంటాడు. అప్పుడు మామ కెమెరా వెనక్కి వచ్చి, నోటితో లారీ హారన్ మోగించాడు. అచ్చంగా లారీయే. పిల్లవాడు నోరు మూసి, కళ్ళు రెండూ విప్పార్చి నేరుగా కెమెరాలోకి చూశాడు. దరఖాస్తు నిబంధనల్లో ఏమేం కావాలని రాసి ఉందో అవన్నీ ఆ ఒక్క ఫోటోలో ఉన్నాయి. అది నాటకం కాదేమో అని అప్పుడు మొదటిసారి అనిపించింది. అయితే మరేమిటి? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం పట్టుకుంది. మామ పని చేస్తుంటే నేను ఆయన్నే గమనించడం మొదలుపెట్టాను.

నేను వచ్చాక కొన్ని మార్పులు చేశాను. కావలసిన కాగితాల పట్టిక తయారుచేశాను. దూరం వాళ్ళు ఫోన్లోనే వివరాలు పంపేలా ఒక ఆన్‌లైన్ ఫారం పెట్టాను. మామకు అది బాగా నచ్చింది. వచ్చిన ప్రతివాడికీ చూపించి, "మా ఇంజనీరు చేసినాడు" అనేవాడు. కానీ ఒక నియమం మాత్రం మారలేదు. దరఖాస్తుదారును కళ్ళారా చూడకుండా ఆయన ఏ కాగితమూ పంపడు. ఎవరైనా రాలేకపోతే తానే పోతాడు.

అలా ఒకసారి జమ్మలమడుగుకు బస్సులో పోయాం. పాపకు జ్వరం తగ్గి రెండ్రోజులైంది, బయటికి తీసుకురాలేమన్నారు. మేం పోయేసరికి పాప నిద్రపోతోంది.

"మామా, సూసేసినాం కదా. పోదాం పా" అన్నాను మెల్లగా.

"నిద్రబోయే మనిషి యాడన్నా దరఖాస్తు పెట్టుకుంటాదా?" అని ఆయన చాప మీద కూర్చున్నాడు. పాప లేచి, మమ్మల్నిద్దర్నీ చూసి, ఒకసారి ఏడ్చి, ఒకసారి నవ్వేదాకా కదలలేదు.

తిరుగు బస్సులో అడిగాను. "ఎందుకు మామా ఇంత పట్టుదల? ఏమన్నా తప్పుబోతే మళ్ళీ దిద్దుకోవచ్చు కదా."

ఆయన కిటికీలోంచి శనగచేలు చూశాడు. "నేను కువైట్ నుంచి మొదటిసారి ఒచ్చినప్పుడు మా పెద్దోడు తలుపు తీసినాడప్పా. 'ఎవరు కావాల?' అని అడిగినాడు" అన్నాడు. తర్వాత కండక్టరుతో ఎండల గురించి మాట్లాడాడు.

ఇర్ఫాన్ సంగతి ఆ తర్వాత వచ్చింది. అతనిదీ దువ్వూరే. కువైట్‌లో ఏసీలు బాగుచేసే కంపెనీలో మెకానిక్. భార్య షబానా కడుపుతో ఉండగా వెళ్ళాడు. పాప పుట్టి తొమ్మిది నెలలైనా సెలవు దొరకలేదు. ఇప్పుడు కుటుంబాన్ని పిలిపించుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. షబానా వీసా వచ్చేసింది. పాప దరఖాస్తును ఇర్ఫాన్ అక్కడే స్వయంగా నింపి ఇచ్చాడు. అది వెనక్కి వచ్చింది. ఫోటో, వివరాలు సరిపోలడం లేదట. షబానా వీసా గడువులోగా ఈ చిక్కు తీరకపోతే, ఆమె పాపను నానమ్మ దగ్గర వదిలి ఒక్కతే పోవాలి, లేదా వీసా వదులుకోవాలి. మళ్ళీ ఇప్పిస్తామని కంపెనీ మాట ఇవ్వలేదు.

ఇర్ఫాన్ మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. మంచి కోపం మీద ఉన్నాడు.

"స్టూడియో వాడు కొంప ముంచినాడు మామా! ఎడం చెంప మీద మా పాపకు ఇంత నల్ల మచ్చ ఉండాది. దరఖాస్తులో అదే రాసినా. వాడు కంప్యూటర్లో నున్నగా తుడిచేసినాడు. మీ ఇంజనీరుతో ఫోటోలో మచ్చ మళ్ళీ పెట్టిచ్చు. రెండు నిమిషాల పని."

నిజంగానే రెండు నిమిషాల పని. మచ్చ ఎక్కడుందో చూపడానికి అతను వీడియో కాల్‌లో తీసుకున్న బొమ్మలు రెండు పంపాడు. రెండింటినీ పెద్దవి చేసి చూశాను. మసకగా ఉన్నా మచ్చ స్పష్టంగానే ఉంది. ఒకదానిలో ఎడమ చెంప మీద, ఇంకోదానిలో కుడి చెంప మీద. దానికి నా దగ్గర సమాధానం ఉంది. ఫోను ముందు కెమెరా కొన్నిసార్లు బొమ్మను అద్దంలోలా తిప్పి చూపిస్తుందని కాగితం మీద గీతలు గీసి మామకు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. సందేహాలు కూడా అడిగాడు.

"బాగా చెప్పినావప్పా. ఇప్పుడు పాపను తీసుకురమ్మను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే షబానా, ఇర్ఫాన్ తల్లి జైబున్‌బీ పాపతో వచ్చారు. పాప పేరు ఆఫియా. మామ ఆమెను టేకు కుర్చీలో కూర్చోబెట్టగానే కిటికీ వెలుతురు ముఖం మీద పడింది. మచ్చ కుడి చెంప మీద ఉంది. గుండ్రంగా, నల్లగా, ఒక పక్క కొంచెం చెదిరి ఉంది. పాప చెయ్యి తగిలి చెదిరిన ఆ మరక నుంచి కాటుక వాసన వచ్చింది.

నేను గీసిన గీతల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆపా, ఈ చుక్క రోజూ పెడతావా?" అని జైబున్‌బీని అడిగాడు మామ.

"పెట్టకుంటే ఎట్లా? బంగారు బొమ్మ మాదిరి ఉండాది. మా ఇర్ఫాన్ ఫోన్ చేసే ముందర తప్పకుండా పెడతా. ఆడ వాని గదిలో పది మంది ఉంటారు, అందురూ సూస్తారు" అంది జైబున్‌బీ. "ఒకరోజు ఈ పక్క, ఒకరోజు ఆ పక్క. సెయ్యి యాడికి పోతే ఆడ."

దరఖాస్తులో ఇర్ఫాన్ రాసింది మామ చదివి చెప్పాడు. ముసలామె ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. షబానా తలమీది చున్నీ ముఖం మీదికి లాక్కుంది.

"ఆయనకు చెప్పొద్దు మామా" అంది. "ఏదో ఒక మచ్చ మీరే రాసి పంపండి. కన్నబిడ్డ మొగం తెలీదని తెలిస్తే శానా బాధపడతాడు. గదిలో వాళ్ళు కూడా ఎగతాళి చేస్తారు."

"దీనికి నిజంగా మచ్చ ఉండాదా బేటీ?"

"ఉండాది."

"ఐతే నువ్వు నోరు విప్పొద్దు" అని మామ ఇర్ఫాన్‌కు వీడియో కాల్ చేశాడు.

ఇర్ఫాన్ ఏదో భవనం మెట్ల మీద, తలకు హెల్మెట్‌తో ఉన్నాడు. "కనపడిందా మామా మచ్చ?" అన్నాడు.

"కనపడింది. నువ్వు కూడా సూడు." మామ షబానాకు సైగ చేశాడు. ఆమె చున్నీ కొంగు తడిచేసి పాప చెంప తుడిచింది. నల్ల చుక్క ఉన్నచోట ఎర్రటి చెంప మిగిలింది.

నెట్ ఆగిపోయిందేమో అనుకుని నేను ఫోను వైపు వంగాను. ఆగలేదు. ఇర్ఫాన్ వెనక ఎవరో మెట్లు దిగిపోతున్నారు.

"అమ్మా, అది కాటుకా?" అన్నాడు చివరికి.

"కాటుకే నాయనా."

"మరి... మచ్చ లేదా?"

"ఉండాది" అన్నాడు మామ. "యాడుండాదో నేను చెప్పను. నువ్వే సూసి చెప్పు."

"డ్యూటీలో ఉండా మామా."

"దరఖాస్తు నీ బిడ్డదప్పా. ఏసీ రవ్వంతసేపు ఆగుతాది."

ఆ తర్వాత జరిగింది నేను ఎప్పుడూ మరిచిపోలేదు. ఫోను నా చేతిలో ఉంది. ఇర్ఫాన్ చెప్పినచోటికల్లా తిప్పాను. నుదురు. కనుబొమలు. "ఆ గడ్డం కింద ఏంది?" అన్నాడు. చొల్లు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. పాప అరచెయ్యి తెరవనంది, జైబున్‌బీ చక్కిలిగింత పెట్టి తెరిపించింది. "గోర్లు అచ్చం మా నాయనవే" అన్నాడు ఇర్ఫాన్. మెడ మడతలో పౌడరు గీత ఉంది. మోకాలి దగ్గర దోమకాటు ఉంది. దాన్ని చూసి అతను ఎగిరి గంతేస్తే, షబానా నవ్వు ఆపుకోలేక అడ్డంగా తలూపింది. పాప ఫోను లాక్కుని నాకింది. కాసేపు కువైట్‌కు నాలుక తప్ప ఇంకేమీ కనపడలేదు.

"ఆగాగు! ఎనక్కి పో. చెవి... ఎడం చెవి" అన్నాడు ఇర్ఫాన్. "ఇంకా దగ్గరికి. ఆ! తమ్మె మీద! నువ్వుగింజంత. అది కాటుక కాదు కదా?"

"తుడువు బేటీ" అన్నాడు మామ. షబానా తుడిచింది. అది పోలేదు.

"అదే" అంది షబానా.

"ఇంజనీరూ, తండ్రి చెప్తాండాడు, కొట్టుకో" అన్నాడు మామ. ఇర్ఫాన్ నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పాడు. నేను టైపు చేశాను. ఎడమ చెవి తమ్మె మీద పుట్టుమచ్చ.

ఫోను పెట్టేసే ముందు అతను తల్లిని పిలిచాడు. "అమ్మా, ఆ చుక్క మళ్ళీ పెట్టు. ఉత్త మొగంతో బజార్లో తిప్పొద్దు."

ఫోటో ఇంకా తీయాలి, చెంప మీద పెట్టడానికి వీల్లేదు. జైబున్‌బీ కొంగుముడిలోంచి చిన్న భరిణె తీసి పాప అరికాలికి పెట్టింది. కెమెరా అరికాలు చూడదు. ఆఫియా కాలి బొటనవేలు నోట్లో పెట్టుకోకుండా ఇద్దరు ఆడవాళ్ళు కాపలా కాశారు.

కొత్త దరఖాస్తు, కొత్త ఫోటో కువైట్‌కు పంపాం. తల్లీ బిడ్డా ఒకే విమానంలో వెళ్ళారు. వారం తర్వాత షబానా మామకు ఫోన్ చేసింది. విమానాశ్రయంలో ఇర్ఫాన్ పాపను ఎత్తుకోకముందే ఎడమ చెవి పట్టుకుని చూశాడని చెప్పింది. మామ ఆ మాట ఆ రోజు మెట్లెక్కి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

వలీ మామ నిరుడు పోయాడు. ఆ గదుల్లో ఇప్పుడు బట్టల అంగడి వాళ్ళు సరుకు పెట్టుకుంటున్నారు. నేను జమ్మలమడుగు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కొలత పరికరాలు చూసుకుంటున్నాను. తెర మీద అంకె తేడాగా కనిపిస్తే నాకు కారణాలు వెంటనే తడతాయి, గీతలు గీసి చెప్పగలను కూడా. అయినా ముందు హెల్మెట్ పెట్టుకుని ఆ పరికరం దగ్గరికి నడుస్తాను. నాతో పనిచేసేవాళ్ళకు అది చాదస్తంగా కనిపిస్తుంది.

పులివెందులలో అక్క ఇంట్లో చేతుల కుర్చీ ఒకటుంది. దాన్ని కిటికీ దగ్గరికి జరిపి, చరణ్‌ను కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడ్డాను.

"ఏం సార్, పేరేంది మీది?"

వాడు బిస్కెట్టు నా వైపు చాపాడు. తీసుకున్నాను. అక్క నవ్వుతోంది. తడిబట్ట తెచ్చి వాడి నుదుటి మీది కాటుక చుక్క తుడవమన్నాను. ఫోను చేతిలోకి తీసుకుని వాడి వైపు తిప్పాను.

"బావా, నేను చెప్పను. అక్క కూడా చెప్పదు. నువ్వే సూసి చెప్పు."

"పనీపాటా లేదా రా నీకు?" అన్నాడు బావ. అంటూనే కళ్ళజోడు పెట్టుకున్నాడు. తర్వాత చాలాసేపు మా మాటలన్నీ పైకి, కిందికి, ఇంకొంచెం దగ్గరికి అన్నవే. అక్కకు తెలిసినవి రెండు. బావ ఇంకొకటి చూశాడు.

మా మేనల్లుడికి పుట్టుమచ్చలు మూడు.