గేటు ఆరిన్ వేస్తాడు

వెర్నా ముప్పై ఒక్క ఏళ్ళు అమెరికాలోని ఎడారి ఊరు ట్యూసాన్‌లో స్కూలు బస్సు నడిపింది. సీట్లో నిద్రపోయిన పిల్లాణ్ణి ఒక్కసారి కూడా మరిచిపోలేదు. బస్సు ఆగాక చివరి సీటుదాకా నడిచి, కిందికి వంగి చూశాక గానీ దిగేది కాదు. రిటైరై పన్నెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. పొద్దుగూకితే పెరడంతా ఒక చుట్టు చుట్టి వస్తుంది. గోడలు, పొదలు, కుండీల వెనక, అన్నీ చూస్తుంది. ఎండిన వాగు వైపు తెరుచుకునే ఇనుప గేటు మాత్రం చూడదు. "గేటు ఆరిన్ వేస్తాడు" అంటుంది. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలు పంచుకున్న పని అది.

పక్కింటిదాన్ని నేను, పేరు డార్లా. ఆ ఇంట్లో నాకు తెలియకుండా చీమ కూడా కదలదనుకునేదాన్ని. మొన్న మార్చిలో ఆ గొప్ప కాస్తా దిగిపోయింది.

వాగులో కయోటీలు మాకు కొత్త కాదు. నక్కకంటే పెద్దది, తోడేలుకంటే చిన్నది, సిగ్గులో రెండింటికంటే తక్కువ. ఆ నెలలో మూడిళ్ళ అవతల ఒక బొచ్చుకుక్కను పట్టపగలే ఎత్తుకుపోయింది. వెర్నా దగ్గర పిప్ ఉంది. చివావా జాతి బుల్లి కుక్క, రెండు కిలోలు కూడా తూగదు, దానికి తోడు ఒక కన్ను మసక. ఆరిన్‌కు రెండేళ్ళుగా మతి నిలవడం లేదు. ఆ ఇంట్లో వెర్నాను రోజంతా పేరు పెట్టి పిలిచినట్టు చూసేది పిప్ ఒక్కతే.

వెర్నా ఆరడుగుల గోడ మీద పొడుగునా తిరిగే గొట్టాలు బిగించింది. కయోటీ వాటి మీద కాలు పెడితే జారి వెనక్కి పడాలి. కరవబోతే నోట్లో గుచ్చుకునేలా పిప్‌కు ముళ్ళ చొక్కా తొడిగింది. ఆడించి బెదరగొట్టడానికి గులకరాళ్ళు పోసిన డబ్బా ఒకటి వంటింటి తలుపు దగ్గర పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న పెరట్లో పిప్ నీళ్ళ గిన్నె పక్కన కయోటీ అడుగులు!

"ఎగిరొచ్చిందేమో" అన్నాను.

"నీ మొహం! రెక్కలున్నాయా దానికి?"

"గేటు కిందనుంచి దూరిందేమో మరి."

గేటు కింద ఇటుకలు పేర్చాం. రెండ్రోజులకు మళ్ళీ అడుగులు. నాకు బుర్ర తిరిగిపోయింది. వెర్నాకైతే నిద్రే కరువైంది. చివరికి పెరడంతా గోధుమపిండి చల్లాం. పొద్దున చూస్తే అడుగులు గేటు దగ్గర్నుంచి గిన్నెదాకా తిన్నగా వచ్చి, తిన్నగా వెళ్ళాయి. పక్కనే ఆరిన్ చెప్పుల గుర్తులు. ఆయన గేటు వేసి వస్తాడు కదా, వాటిని మేం లెక్కలోకే తీసుకోలేదు. ఇద్దరు ఆడవాళ్ళం, నూట నలభై ఏళ్ళ అనుభవం, పిండిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆకాశం వంక చూశాం.

"ఒక్క మంచి మాట చెప్పనా?" అంది వెర్నా. "ఆరిన్ అన్నం బాగా తింటున్నాడే. పళ్ళెంలో మాంసం ముక్క మిగలడం లేదు."

అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా వాళ్ళ వంటింట్లో చల్లటి టీ తాగుతున్నాం. పిప్ చొక్కా వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. గేటు గడియ చప్పుడైంది.

"రారా, టకర్" అన్నాడు ఆరిన్. "ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావురా? అన్నం చల్లారిపోతోంది."

వంటింటి తలుపులోంచి చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది. కయోటీ తాపీగా లోపలికి నడిచి వచ్చింది, సొంతిల్లే అన్నట్టు. టకర్ వాళ్ళ పాత కుక్క, గోధుమరంగుది, చచ్చిపోయి పంతొమ్మిదేళ్ళు. ఆరిన్ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో మధ్యాహ్నపు మాంసం ముక్క.

వాళ్ళిద్దరికీ మధ్య పిప్ నిలబడి ఉంది, తోక ఊపుతూ.

వెర్నా డబ్బా ఆడించింది. కయోటీ ఆమె వంక చూడనైనా లేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, చెప్పులు వదిలేసి పరిగెత్తింది. చొక్కా ముళ్ళు గుచ్చుకుంటున్నా పిప్‌ను గుండెకు అదుముకుంది. కయోటీ ముక్క అందుకుని వచ్చిన దారినే పోయింది.

"వాణ్ణెందుకే బెదరగొడతావు?" ఆరిన్ కళ్ళల్లో నీళ్ళు. "మన టకర్ కదా!"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు తను దొంగనని కూడా తెలియదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను ఇటుకల్ని తన్నాను. కాలు వాచింది.

మర్నాడు నేనే తాళం కొనుక్కొచ్చాను. వెర్నా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వేసెయ్, ఇంకా ఆలోచనేంటి?" అన్నాను.

"కారు తాళాలు నేనే లాక్కున్నాను, డార్లా. పొయ్యి దగ్గరికి రానివ్వను. మందుల డబ్బా దాచేశాను. ఆయనకు మిగిలింది ఈ గేటొక్కటే. రోజూ వేసొచ్చి 'అయిపోయింది, వెర్నా' అంటాడు. ఆ మాట కోసమే నేను గేటు వైపు వెళ్ళను. ఇప్పుడు అదీ తీసుకోమంటావా?"

పిప్ ఆమె పాదాల దగ్గర ముళ్ళ చొక్కా వేసుకునే గోక్కుంటోంది. వెర్నా లేచి వెళ్ళి తాళం వేసింది. చివరి సీటుదాకా నడిచినట్టే నడిచింది, నెమ్మదిగా.

సాయంత్రం ఆరిన్ గేటు పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. "ఎవరు వేశారిది? టకర్ బయటే ఉండిపోయాడు!" ఆ గొంతు వింటే నాకు తాళం విరగ్గొట్టాలనిపించింది.

వెర్నా ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆమె అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. "టకర్ ఎప్పుడో వచ్చేశాడయ్యా. నీకోసమే చూస్తున్నాడు" అంది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పిప్ చొక్కా విప్పి, దానికి దుప్పటి కప్పి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆరిన్ దుప్పటి కిందికి చేయి పోనిచ్చాడు. తడిమాడు. చెవులనుంచి తోకదాకా మళ్ళీ తడిమాడు.

"వెర్నా, వీడేంటే ఇంత చిక్కిపోయాడు! నువ్వసలు తిండి పెడుతున్నావా?"

"పెడతాను" అంది వెర్నా కళ్ళు తుడుచుకుంటూ. "వాణ్ణి మాత్రం నువ్వు ఒళ్ళోంచి దించకు. ఇకమీదట నీ పని అదే."