రెండింటి నడిమి గుర్తు

జగిత్యాలలో కోర్టు దగ్గర నాదొక చిన్న డీటీపీ షాపు. తెలుగు అక్షరాలు కళ్ళు మూసుకుని కొడతాను గానీ, గుర్తులతోనే ప్రాణం విసిగిపోతుంది. రూపాయి గుర్తుకు ఒక నంబరు, డిగ్రీకి ఇంకో నంబరు, అరకు, పావుకు వేరే. ఆల్ట్ నొక్కిపట్టి కొట్టాలి. ఒక్క అంకె తప్పిందా, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు లైనంతా చెదిరిపోతుంది. నంబరు తెలియనివాటికి సింబల్ పట్టిక తెరిచి, బియ్యంలో రాళ్ళేరినట్టు వెతుక్కోవాలి. సిరిసిల్లలో మా అమ్మ సాంచెలకు కండెలు చుట్టీ చుట్టీ మణికట్టు పట్టేసిందని మూలిగేది. ఆ మరమగ్గాల చప్పుడు తప్పించుకుని వచ్చాననుకున్నాను గానీ, నొప్పి మాత్రం నాతోనే వచ్చింది.

పెళ్ళిళ్ళ రోజుల్లో పత్రికల పనే ఎక్కువ. నేను వర్డ్‌లో కొట్టి కోరుట్లలోని ప్రెస్సుకు పంపిస్తాను. వాళ్ళు దాన్ని కార్డు మీద అమర్చి అచ్చు వేస్తారు. పోయిన ఎండాకాలం గొల్లపల్లి వైపు నుంచి ఒకామె బిడ్డ లగ్గం పత్రిక కోసం వచ్చింది. వెంట ఆమె బావ, అంటే భర్తకు అన్న. భర్త గల్ఫ్‌ పోయిన కొన్నాళ్ళకు ఫోన్లు ఆగిపోయాయట. కంపెనీలో లేడన్నారు, ఆస్పత్రిలో లేడన్నారు, జైల్లోనూ లేడన్నారు. బావ తిరగని ఆఫీసు లేదు.

పత్రికలో చనిపోయినవారి పేరు ముందు కీ.శే., ఉన్నవారికి శ్రీ పెడతాం కదా. పెళ్ళికూతురి తండ్రి పేరు దగ్గర నా వేళ్ళు ఆగాయి. బావ కీ.శే. కొట్టమన్నాడు. చుట్టాలకు జవాబు చెప్పీ చెప్పీ ఆయన అలిసిపోయాడు, అది ముఖంలోనే కనిపించింది. కానీ ఆ మాట అచ్చయితే, రేపు పందిట్లో ఆమె నుదుటి బొట్టు గురించి నలుగురూ నోరు చేసుకుంటారు. ఆమె బావకు ఎదురు చెప్పలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

“లేడనకుంట, ఉన్నడనకుంట, నడిమిట్ల ఏదన్న గుర్తుంటదా చెల్లె?”

పట్టిక తెరిచాను. కత్తెర ఉంది, టెలిఫోన్ ఉంది, జెండా ఉంది, వేలు చూపించే చెయ్యి ఉంది. ఎవరికీ అక్కరలేనివన్నీ ఉన్నాయి. నాకు కంప్యూటర్ మీదే కోపం వచ్చింది. చివరికి చిన్న పువ్వు గుర్తొకటి తీసి ఆ పేరు ముందు పెట్టాను. బావ కూడా సరేనన్నాడు.

మర్నాడు ఇద్దరూ వచ్చేసరికి కోరుట్ల నుంచి నమూనా వచ్చి ఉంది. ఆ పువ్వు ఉన్న ఫాంట్ ప్రెస్సు వాళ్ళ దగ్గర లేదు. తన దగ్గర లేని గుర్తు వస్తే కంప్యూటర్ ఆ చోట ఒక ఖాళీ డబ్బా గీసి ఊరుకుంటుంది. మాకది రోజూ చూసేదే. ఇప్పుడది పెళ్ళికూతురి తండ్రి పేరు ముందు ఉంది.

గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళు పెట్టెలోనే ఇల్లు చేరతారు. మా వైపు ఏ ఊళ్ళో అడిగినా ఆ పెట్టె దించిన వాకిలి చూపిస్తారు. బావ కాగితం చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. దిద్దుతానని కాగితం అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. ఆ డబ్బా మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“గీ పెట్టె గూడ రాలే బావా,” అన్నది. “అది వచ్చిన్నాడు కీ.శే. కొట్టిద్దాం. గప్పటిదాంక శ్రీయే ఉండనియ్యి.”

బావ కండువాతో ముఖం తుడుచుకుని తల ఊపాడు. నేను డబ్బా తీసేసి శ్రీ కొట్టాను. ఆమె స్క్రీన్ దగ్గరికి వంగి, భర్త పేరును కూడబలుక్కుని చదివి, ఇక పంపమన్నది.