రోజుకో తప్పు

ట్యాంకర్ కుళాయి నుంచి కారే నీళ్లు కాగిన ఎర్రమట్టి మీద పడితే ఒక వాసన లేస్తుంది. వానకు వచ్చే వాసన కాదది. పొయ్యి మీంచి దించిన మట్టిచట్టిలో నీళ్లు చిలకరించినట్టుంటుంది. ఈ ఉదయం బెళుగుప్పలోని మా ఆఫీసు ముందు ఆ వాసన రాగానే హుసేన్ సారు గుర్తొచ్చారు. దూరంగా గాలిమరలు నిద్రలో నడుస్తున్నట్టు తిరుగుతున్నాయి. ఆయన కిటికీ పక్కన కూర్చుని వాటినే చూస్తూ ఉండేవారు. పని చేస్తున్నారో కలగంటున్నారో చెప్పడం కష్టం. రెండూ ఆయనకు ఒకటేనేమో.

మాది బోర్లు ఎండిన పల్లెలకు తాగునీళ్లు పంపే చిన్న సంస్థ. సారు దానికి మేనేజరు. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో ఏ ట్యాంకర్ ఎక్కడుందో తెలియాలంటే పొద్దస్తమానం ఫోన్లు చేయాల్సి వచ్చేది. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత మాకు లేదు, రాసిపెట్టే మనుషులు అసలే లేరు. సారు ఎక్కడో చదివి, తంటాలు పడి, మూలనున్న పాత కంప్యూటర్లో వికీ ఒకటి పెట్టారు. వికీ అంటే ఆఫీసులో ఎవరైనా తెరిచి చదవగల, ఎవరైనా దిద్దగల పేజీలు, అంతే. పల్లెకొక పేజీ. డ్రైవరు తన ఫోన్లో ఆ పేజీ తెరిచి ‘దించినాం’ అని రాస్తే, ఎదురుచూసే పల్లెల వరుసలోంచి ఆ పేరు దానంతటదే తప్పుకునేది. మొదటిసారి చూసి నేను నోరు తెరిచాను.

“మాయేం లేదు లక్ష్మీ. ఇది మన ఆఫీసు గోడ అనుకో. అందరి చేతిలోనూ సుద్దముక్క ఉండాది” అన్నారు సారు.

సుద్దముక్క ఉందిగానీ, సారు రాసినచోట దాన్ని ఆనించే ధైర్యం మాలో ఎవరికి ఉంది? ఆయన రాతలో అక్షరం తప్పు పడినా మేం తాకేవాళ్లం కాదు. పెద్దవాళ్లు రాసినదాన్ని చెరపడమంటే వాళ్ల మాటకు అడ్డం పడినట్టే మాకు. ఒక వేసవి ఉదయం ఆయన ఎర్రగుంటకు పంపాల్సిన ట్యాంకర్‌ను పొరపాటున బండపల్లికి అని రాశారు. బండపల్లి తొట్టి ముందురోజే నింపాం. ఆ సంగతి నాకు తెలుసు, డ్రైవరు ఓబులేసుకూ తెలుసు. సారేమో అనంతపురంలో మీటింగులో ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు. నేను ఆయన వాక్యాన్ని చెక్కుచెదరనివ్వకుండా దాని కింద ‘సారు గారు దయచేసి ఒకసారి చూడగలరు’ అని వినయంగా రాసి ఊరుకున్నాను. ఓబులేసు బండపల్లి వెళ్లి, నిండిన తొట్టి పక్కన ట్యాంకర్ నిలిపి, సాయంత్రం దాకా చెట్టునీడన కూర్చున్నాడు. ఎర్రగుంట ఆడవాళ్లు పొద్దుగూకేదాకా రోడ్డు మీద బిందెలతో కూర్చున్నారు.

సారు తిరిగొచ్చాక మమ్మల్నిద్దరినీ పిలిచారు. గొంతు పెంచలేదు.

“తొట్టి నిండి ఉండాదని తెలిసీ ఆడికి ఏంటికి పోయినావప్పా?”

“మీరు రాసినారు గదా సార్. మీరు రాసిందాన్ని నేనెట్ల కొట్టేసేది?” అన్నాడు ఓబులేసు, మీసం తడుముకుంటూ, నేలను చూస్తూ.

సారు నా వైపు తిరిగారు. “నా మర్యాద తీసుకపోయి ఆ ఆడోళ్ల బిందెల్లో పోస్తే నిండుతాయామ్మా?”

మరుసటి రోజు నుంచి ఆయన కొత్త పద్ధతి పెట్టారు. రోజూ పొద్దున, ఏ ట్యాంకర్ ఎటు పోవాలో రాసే పేజీలో కావాలని ఒక తప్పు రాసేవారు. దాన్ని ఎవరో ఒకరు దిద్దేదాకా ట్యాంకర్ కదలకూడదు. మొదటిసారి ఓబులేసు దిద్దినప్పుడు చెప్పులు వదిలి మరీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దిద్దేసి లేచి నిలబడి, దండం పెట్టాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు. సారు తన టీ గ్లాసు అతని చేతిలో పెట్టారు. తర్వాత్తర్వాత అది మాకొక ఆటయింది. బియ్యంలో రాళ్లేరినట్టు పేజీ అంతా ఏరేవాళ్లం. దొరికిన రోజు ఆఫీసంతా నవ్వు. ఆ వేసవులు ఎండవేడికి కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి నా తలలో. ఏది ఏ సంవత్సరమో ఇప్పుడు చెప్పలేను.

ఒక వేసవిలో మాత్రం తప్పులు రెండయ్యాయి. సారు ఆట ముదిరిందని నవ్వుకున్నాం. తర్వాత మూడు. ఒక ఉదయం ఆయన పేజీలో ట్యాంకర్ నంబరు పక్కన, ఎప్పుడో చనిపోయిన డ్రైవరు పేరు రాశారు. ఓబులేసు దాన్ని తీసేసి తన పేరు రాసుకున్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అదే వారంలో ఒక మధ్యాహ్నం. ఫ్యాను గాలికి కూడా సెగ తగులుతోంది. గాలిమరల కాళ్లు ఎండమావిలో మునిగి, రెక్కలు మాత్రం పైన తేలుతున్నాయి. సారు చాలాసేపు తెర వైపు చూసి మెల్లగా అడిగారు.

“లక్ష్మీ, ఈ పొద్దు నేను పెట్టిన తప్పు ఏదమ్మా?”

“అన్నీ దిద్దేసినాం సార్.”

“నేను పెట్టేది ఒకటే. తక్కినవి నాకు తెలీకుండా పడతాండాయి.” కిటికీ వైపు తిరిగారు. “భయమైతాందమ్మా. నా మతిమరుపుకు ఏ పల్లె ఎండుతాదో అని.”

నాకు ఏడుపొచ్చింది. “మేం ఉండాం గదా సార్” అన్నాను. ఆ మాట ఉత్తిది కాలేదు. ఆయన ఆ తర్వాత కూడా కొన్నాళ్లు పనిచేశారు. రోజూ రాసేవారు, రోజూ మేం దిద్దేవాళ్లం. ఒక్క పల్లె కూడా ఎండలేదు. మర్యాదగా ఊరుకుని ఉంటే ఎన్ని ఎండేవో.

తర్వాత కూతురు ఆయన్ని తన ఊరు గుమ్మఘట్టకు తీసుకుపోయింది. చివరిసారి నేను చూడబోయినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు. మంచం మీద లేచి కూర్చుని మాత్రం అడిగారు.

“ఎర్రగుంటకు నీళ్లు పోయినాయా?”

“పోయినాయి సార్.”

“నేను తప్పు రాసింటిని. ఎవరు దిద్దినారు?”

“ఓబులేసు దిద్దినాడు సార్.”

“మంచిపని చేసినాడు” అని, తేలికపడిన ముఖంతో గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ చలికాలంలోనే పోయారు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. పొద్దున్నే పేజీ తెరిచి ఒక తప్పు పెట్టడం నా మొదటి పని. ఈ ఉదయమూ పెట్టాను, ఒక పల్లె పేరు మార్చి. బయట ట్యాంకర్ ఇంజను ఆడుతోంది, కుళాయి కారుతోంది. కాసేపటికి ఓబులేసు కిటికీలోంచి తల పెట్టాడు. అతని మీసం ఇప్పుడు పూర్తిగా తెల్లబడింది.

“దిద్దేసినానమ్మా. ఈ పొద్దు రెండుండె” అన్నాడు.

నేను పెట్టింది ఒకటే. టేబుల్ మీదున్న నా టీ గ్లాసు కిటికీలోంచి అందించాను. అతను నిలబడే తాగేసి, ఖాళీ గ్లాసు ఇచ్చి, ట్యాంకర్ ఎక్కి కదిలించాడు.