పైపుల సేటు ఇక లేరు…

ఆ రోజుల్లో నన్నెవరైనా ‘ఏం చేస్తున్నావు?’ అని అడిగితే ‘కంటెంట్ స్ట్రాటజీ’ అని చెప్పి, వాళ్ల ముఖంలో అయోమయం చూసి లోలోపల మురిసిపోయేవాణ్ణి. (అదేమిటో నాకూ సరిగ్గా తెలియదన్నది వేరే సంగతి.) డిజిటల్ మార్కెటింగ్ కోర్సు అప్పుడే ముగిసింది. ఉద్యోగం దొరకలేదు గానీ మా మేనమామ దొరికాడు. మామకు పటాన్‌చెరు బజారులో పైపులు, నల్లాలు అమ్మే దుకాణం ఉండేది; అందరూ ఆయన్ని పైపుల సేటు అనేవారు. ఆ బిల్డింగు కూలగొడతానని ఓనరు అనడంతో మామ ఉన్నదంతా ఊడ్చి, ఇంద్రేశంలో కొత్త వెంచర్ల మధ్య ఒక షట్టరు తీసుకున్నాడు. చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి, ఇటుకల లారీలు తిరుగుతున్నాయి, మేం మాత్రం ఈగలు తోలుకుంటున్నాం. పాత గిరాకీకి మామ ఎక్కడికి పోయాడో తెలియదు, కొత్తవాళ్లకు మామ ఎవరో తెలియదు. “ఈ ఎండకాలం గిట్ల గిరాకి రాకుంటే షట్టర్ దించి మళ్ల కంపెనీల షిఫ్టుకు పోవుడే అల్లుడా,” అన్నాడొకరోజు టీ తాగుతూ. నవ్వుతూనే అన్నాడు గానీ, అది ఉత్తమాట కాదని నాకు తెలుసు.

నేను రంగంలోకి దిగాను. గోడకు చార్టు అంటించి, రంగు పెన్నులతో నెల మొత్తానికి పోస్టుల ప్రణాళిక గీశాను. సోమవారం ట్యాంకు ఎంచుకోవడం ఎలా, బుధవారం నల్లా లీకైతే ఏం చేయాలి, శుక్రవారం గిరాకీ మాట. మామ దాన్ని శ్రద్ధగా చూసి, “మరి అమ్ముడెప్పుడురా? అన్ని దినాలు ముచ్చట్లే ఉన్నయి,” అన్నాడు. ముందు నమ్మకం, తర్వాతే అమ్మకం అని మా సారు చెప్పింది అప్పజెప్పాను. మొదటి పోస్టు మాత్రం జనాన్ని ఆపేయాలి, మొదటి వాక్యం చదవగానే ఫోన్ మీద వేలు ఆగిపోవాలి, దాన్ని హుక్ అంటారని వివరించాను.

“గాలం అన్నట్టు,” అన్నాడు మామ.

“ఔ మామా.”

“అయితే మంచిగ ఉలిక్కిపడేటట్టు రాయి.” (ఈ మాటకు నా దగ్గర సాక్షి ఉంది, మా అత్త.)

ఉలిక్కిపడేటట్టే రాశాను. ‘మన పైపుల సేటు ఇక లేరు’ అన్నది మొదటి వాక్యం. కింద కాస్త ఖాళీ వదిలి, ‘పాత బజారులో! ఇప్పుడు ఇంద్రేశంలో, కొత్త దుకాణంలో మీ కోసం ఎదురుచూస్తున్నారు’ అన్నది రెండోది. మామ కెమెరా వైపు సూటిగా చూసిన ఫొటో ఒక్కటే దొరికింది. దుకాణం ఓపెనింగ్ నాడు మెడలో బంతిపూల దండతో తీసింది. వెనక సిమెంటు బస్తాలు బాగాలేవని చెరిపేసి నల్లరంగు నింపాను. నలుపైతే రిచ్‌గా ఉంటుందని కోర్సులో చెప్పారు. ఫోన్‌లో మొదటి వాక్యమే కనిపిస్తుందని, ‘మరింత చూడండి’ అన్నచోట నొక్కితేనే మిగతాది తెరుచుకుంటుందని నాకు బాగా తెలుసు. నొక్కించడానికే కదా హుక్! కానీ దండ వేసిన ఫొటో దగ్గర ‘ఇక లేరు’ అని కనిపిస్తే మనవాళ్లు ఇంకేదీ నొక్కరని, జోడించిన చేతుల బొమ్మ పెట్టి ఇంకో నాలుగు గ్రూపులకు పంపుతారని ఏ కోర్సులోనూ చెప్పలేదు.

తెల్లారి మామ దుకాణం ముందు ఊడుస్తున్నాడు. నేను లోపల కూర్చుని, ఎంతమంది షేర్ చేశారో మాత్రమే చూసుకుని పొంగిపోతున్నాను. ఇంతలో ఆటో ఆగింది. బొంతపల్లి పెద్దమ్మ, అంటే మామకు సొంత అక్క, జుట్టు విరబోసుకుని దిగింది. “ఓ తమ్మీ… ఒక్క మాట సెప్పకుంట పోతివి కద తమ్మీ…” అని రాగం తీస్తూ వచ్చి, చీపురుతో అడ్డంగా నిలబడ్డ మామతోనే, “జెర పక్కకు జరుగు బిడ్డా, మా తమ్మున్ని ఏడ పండవెట్టిన్రు?” అంది. మామ కంగారుగా, “అక్కా, ఏమైందే? ఎవలు పోయిన్రు?” అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని చూసి కెవ్వుమంది. ఆపైన చీపురు లాక్కుని, “సచ్చినోడా! బతికే ఉన్నవురా!” అని రెండు తగిలించి, కావలించుకుని మళ్లీ మొదటినుంచీ ఏడ్చింది. ఆ వెనకే పాత గిరాకీ, గ్రూపుల్లో అడ్రసు కనుక్కుని, బైకుల మీద రావడం మొదలైంది. ఒక ప్లంబరు ఇంత లావు దండ తెచ్చి, బతికున్న మనిషిని చూసి, దాన్నేం చేయాలో తోచక నా మెడలో వేశాడు. నేను ఆ దండతోనే పోస్టు తీసేయబోయాను.

“ఆగు,” అన్నాడు మామ. “తీసెయ్యకు. కింద ఏం రాసిన్రో సదువు.” చదివాను. తన బిడ్డ పెళ్లినాడు మోటరు కాలిపోతే సేటు ఎంగిలి చేత్తోనే లేచొచ్చి దుకాణం తెరిచాడని ఒకరు రాశారు. పొరపాటున ఎక్కువ కొన్న పైపులు మాట్లాడకుండా వాపసు తీసుకున్నాడని ఇంకొకరు. “గంత మంచోన్నారా నేను?” అన్నాడు మామ. “ఇంట్ల మాకెవ్వరికి తెల్వకపాయె,” అంది గలాటా విని వచ్చిన అత్త. తర్వాత కర్దనూర్‌లో ఉండే ఒకాయన మాట వచ్చింది: ‘పోయినోళ్లను అనొద్దు గని, సేటు ఇచ్చిన నల్లా నెలకే లీకైంది. ఏడున్నా సల్లగుండాలె.’

మామ ముఖం వాడిపోయింది. అరలోంచి కొత్త నల్లా తీసుకుని, పానా నా చేతిలో పెట్టి, “బండి తియ్యి,” అన్నాడు. కర్దనూర్‌లో ఆ ఇంటాయన తలుపు తీసి, మామను చూసి గోడకు అతుక్కుపోయాడు. “సేటూ! నేను… నేను తప్పుగ అనలే!” అన్నాడు. “తప్పేం లేదు గని, నల్లా ఏడుందో సూపెట్టు,” అన్నాడు మామ. ఆ సాయంత్రం ఆయన అదే పోస్టు కింద, ‘పోయిన సేటు ఎప్పటి తీరుగనే వచ్చి నల్లా మార్చిపోయిండు’ అని రాశాడు. అది చదివి సగం పటాన్‌చెరు మరోసారి జడుసుకుంది. దయ్యాన్ని చూద్దామని వచ్చినవాళ్లు పైపులు కొనుక్కుపోయారు. ఆ ఎండాకాలం షట్టరు దిగలేదు.

ఇప్పుడు నేనూ అదే కోర్సులో పిల్లలకు ఈ హుక్ పాఠమే చెబుతున్నాను. కథ విని, “కర్దనూర్ ఫొటో లేదా సార్?” అని అడుగుతారు. లేదు. పాత నల్లా విప్పగానే నీళ్లు ఎగజిమ్మి ముగ్గురం నిలువునా తడిసిపోయాం. మామ పగలబడి నవ్వుతున్నాడు, గోడ వదిలి ఆ ఇంటాయనా నవ్వుతున్నాడు, నేను రెండు చేతులతో పైపును అదిమిపట్టుకున్నాను. ఇప్పుడైతే పైపు వదిలేసి ఫోన్ తీసేవాణ్ణి. అది తోచని ఆ తడిసిన కుర్రాడంటే నాకు నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది.